తెర వెనక ఏముంది? జబర్దస్త్, క్యాష్ చూస్తూ మనం అడిగిన 3 ప్రశ్నలు

ఈసారి ఎపిసోడ్‌లో కాకతీయులు లేరు, కోట లేదు, శాసనాలు లేవు. ఈ చరిత్ర అంతా మీ ఫోన్‌లోనే ఉంది. జబర్దస్త్, క్యాష్ లాంటి షోల మేకింగ్ వీడియోలు, సెట్‌లో తీసిన వ్లాగులు, "అసలు ఆ రోజు ఏం జరిగిందంటే" అని వచ్చే ఇంటర్వ్యూలు. వీటిని మనం ఎందుకు ఇంతగా చూస్తాం? స్కిట్ చూశాం, నవ్వుకున్నాం, అయిపోయింది కదా. మళ్లీ దాని వెనక ఏముందో మనకెందుకు?

నాకు అర్థమైనంత వరకు తెర వెనక వీడియో చూసే మనిషి మూడే ప్రశ్నలు అడుగుతాడు. ఒకటి, "ఇది ఎట్లా చేశారు?" రెండు, "ఇది నిజమేనా?" మూడు, "వీళ్లు బాగున్నారా?" ఈ మూడూ ఒకేసారి పుట్టలేదు. వరుసగా వచ్చాయి. ఆ వరుసే ఇవాళ్టి కథ.

మొదటి ప్రశ్నకు మన ఊళ్లోనే సాక్ష్యం ఉంది. హనుమకొండలో నేరెళ్ల వేణుమాధవ్ కళాప్రాంగణం చూసే ఉంటారు. ఆ పేరు ఎవరిదో తెలియకుండానే అక్కడ కాలేజీ ఫంక్షన్లకు పోయినోళ్లు చాలామంది ఉంటారు. 1932లో వరంగల్ మట్టెవాడలో పుట్టిన మిమిక్రీ కళాకారుడు ఆయన. 1971లో ఐక్యరాజ్యసమితిలో ప్రదర్శన ఇచ్చారు. 2001లో పద్మశ్రీ వచ్చింది. 2018 జూన్ 19న కన్నుమూశారు. ఆయన ప్రదర్శనకు తెర వెనక అంటూ ఏమీ లేదు. ఒక మనిషి, ఒక మైకు. కట్ లేదు, రీటేక్ లేదు, ఎడిటర్ లేడు. చూసినవాళ్లు అడిగేది ఒక్కటే: ఒక్క గొంతులో ఇన్ని గొంతులు ఎట్లా? ఆ ప్రశ్నలో అనుమానం లేదు, ఆశ్చర్యమే ఉంది.

తర్వాత టీవీ వచ్చింది. హైదరాబాద్ దూరదర్శన్ 1977లో, ఈటీవీ 1995 ఆగస్టు 27న. టీవీతో పాటు ఎడిటింగ్ రూమ్ కూడా వచ్చింది. డైలాగ్ మర్చిపోతే కట్. నవ్వు ఆపుకోలేకపోతే కట్. మనకు చేరేది తప్పుల్లేని ముక్క మాత్రమే. కట్ చేసినవన్నీ చెత్తబుట్టలోకి పోయేవి.

ఆ చెత్తబుట్టలో బంగారం ఉందని ముందే కనిపెట్టినోళ్లు బయటి దేశాల్లో ఉన్నారు. అమెరికాలో కెర్మిట్ షేఫర్ అనే ఆయన 1950ల్లోనే రేడియో, టీవీల్లో దొర్లిన పొరపాట్లను పోగు చేసి గ్రామఫోన్ రికార్డులుగా అమ్మాడు. బ్రిటన్‌లో 1977లో ఐటీవీ ఇలాంటి క్లిప్పులతోనే ఒక ప్రోగ్రాం మొదలుపెట్టింది, అది ఏళ్ల తరబడి నడిచింది. మనకు బాగా తెలిసిన మనిషి మాత్రం జాకీ చాన్. 1982లో వచ్చిన డ్రాగన్ లార్డ్ నుంచి సినిమా చివర పేర్లు పడుతుంటే తను కిందపడటం, దెబ్బ తినడం చూపించడం అలవాటు చేశాడు. గమనించండి, ఫెయిలైన టేకులు చూపిస్తే హీరో పరువు పోవాలి. కానీ ఏమైంది? ఆ దెబ్బ చూశాక ఫైట్ మీద గౌరవం పెరిగింది.

జబర్దస్త్‌లో కూడా ఇదే జరిగింది. 2013 ఫిబ్రవరి 7, గురువారం, ఈటీవీలో మొదలైంది. తీసింది మల్లెమాల సంస్థ. నాగబాబు, రోజా జడ్జీలు, అనసూయ యాంకర్. టీములు స్కిట్లు వేయాలి, మార్కులు తెచ్చుకోవాలి. అంటే కామెడీ పేరుతో నడిచే పోటీ అన్నమాట. 2014లో శుక్రవారాలకు ఎక్స్‌ట్రా జబర్దస్త్ కూడా వచ్చింది. ఈ స్కిట్లలో ఆర్టిస్ట్ డైలాగ్ తడబడితే, ఎదుటివాడు నవ్వు ఆపుకోలేక మొహం తిప్పుకుంటే, చాలాసార్లు దాన్ని తీసేయకుండా ఉంచేశారు. జనానికి అదే నచ్చింది. రాసిన జోక్ కంటే ఆపుకోలేని నవ్వు ఎక్కువ నవ్వించింది.

ఇంకో సంగతి. ఆ మొదటి ప్రశ్న చాలామందికి దారి చూపించింది. హైపర్ ఆది బీటెక్ చదివి సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసిన మనిషి. అదిరే అభి టీమ్‌లో స్కిట్లు రాస్తూ మొదలై టీమ్ లీడర్ అయ్యారు. సిరిసిల్ల నుంచి వచ్చిన వేణు ఎల్దండి తొలి రోజుల్లో టీమ్ లీడర్. 2023 మార్చి 3న ఆయన డైరెక్ట్ చేసిన బలగం రిలీజైతే, ఊళ్లలో తెరలు కట్టుకుని మరీ చూశారు. "జబర్దస్త్ వేణు ఇంత సినిమా తీశాడా" అని ఆశ్చర్యపోయినోళ్లు ఎందరో. ఆశ్చర్యం ఎందుకంటే, వారం వారం కథ రాయడం, టీమ్‌ను నడపడం, టైమ్‌కి నవ్వు రాబట్టడం అనే పని మనకు ఎప్పుడూ కనబడలేదు. మనకు కనబడింది గెటప్ ఒక్కటే.

ఇప్పుడు రెండో ప్రశ్న. "ఇది నిజమేనా?"

దీని వెనక పెద్ద కథే ఉంది. 1956లో అమెరికాలో ఎన్‌బీసీ ఛానల్‌లో ట్వెంటీ వన్ అనే క్విజ్ షో వచ్చింది. అందులో చార్లెస్ వాన్ డోరెన్ అనే లెక్చరర్ వరుసగా గెలుస్తూ 1,29,000 డాలర్లు సంపాదించాడు. దేశమంతా ఆయనకు ఫ్యాన్స్. తీరా చూస్తే ఆయనకు జవాబులు ముందే ఇచ్చారని బయటపడింది. 1959లో వాన్ డోరెన్ స్వయంగా అమెరికా పార్లమెంటు కమిటీ ముందు ఒప్పుకున్నాడు. 1960లో క్విజ్ షోల్లో ఇలా మోసం చేయడం నేరమని చట్టమే తెచ్చారు.

జాకీ చాన్‌నూ, వాన్ డోరెన్‌నూ పక్కపక్కన పెట్టి చూడండి. ఇద్దరి విషయంలోనూ జనం చూసింది తెర వెనకే. ఒకరి మీద ప్రేమ పెరిగింది, ఒకరి మీద నమ్మకం పోయింది. తేడా ఎక్కడుంది? పొరపాటు చూస్తే మనిషి మనకు దగ్గరవుతాడు. ముందే వేసిన లెక్క బయటపడితే, ఇన్నాళ్లూ మనల్ని పిచ్చోళ్లను చేశారనిపిస్తుంది.

మన దగ్గర ఈ అనుమానం ఎప్పుడు ముదిరింది? 2016 సెప్టెంబర్ తర్వాత. జియో వచ్చింది, డేటా చవకైంది. అంతకుముందు గురువారం రాత్రి చూసి శుక్రవారం కాలేజీలో మాట్లాడుకుని మర్చిపోయేవాళ్లం. యూట్యూబ్‌లోకి రాగానే ఆపి చూడొచ్చు, వెనక్కి తిప్పొచ్చు, స్క్రీన్‌షాట్ తీయొచ్చు. "జడ్జి నవ్వింది ఈ జోక్‌కేనా, వేరే స్కిట్ నుంచి తెచ్చి అతికించారా?" అని అడగడం మొదలైంది. సుమ గారి క్యాష్‌లో వస్తువులు పై నుంచి కిందపడి పగిలేవి కదా, హాస్టల్లో మా గొడవంతా దాని మీదే: అవి పని చేసే వస్తువులా, ఉత్త డబ్బాలా?

మా బ్యాచ్‌లో ఒకతను ఇలాంటి ఒక షోకి ఆడియన్స్‌గా పోయి వచ్చాడు. ఏ షో అన్నది వదిలేద్దాం. వాడు చెప్పింది ఇది: టీవీలో గంట వచ్చేదానికి పొద్దంతా కూర్చోబెట్టారు, చప్పట్లు విడిగా కొట్టించారు, నవ్వులు విడిగా నవ్వించారు. విన్నోళ్లంతా "ఓస్, అంతా ఫేకా" అన్నారు. కానీ ఇది ఏ ఒక్క షో చేసే మోసం కాదు. ప్రపంచంలో చాలా చోట్ల స్టూడియో ప్రోగ్రాం తీసే పద్ధతే ఇది. అమెరికాలో చార్లీ డగ్లస్ అనే ఇంజనీర్ 1950ల్లో ఏకంగా నవ్వుల మిషన్ తయారుచేశాడు. మీట నొక్కితే జనం నవ్వు వస్తుంది. మన షోల్లో ఆ మిషన్ చేసే పనిని జడ్జీల నవ్వు చేస్తుంది, అంతే.

ఇక్కడ ఒక విచిత్రం ఉంది. ఇవన్నీ తెలిశాక కూడా మనం ఈ షోలు మానలేదు. మార్కుల్లో మోసం జరిగిందని ఎవరూ ధర్నా చేయలేదు. ఎందుకు? ఎందుకంటే మనం మార్కుల కోసం చూడటం లేదు. ఆ మనుషుల కోసం చూస్తున్నాం. క్విజ్ షోలో నిజం కావాల్సింది జవాబు. కామెడీ షోలో నిజం కావాల్సింది స్నేహం. సుడిగాలి సుధీర్, గెటప్ శ్రీను, ఆటో రాంప్రసాద్ ముగ్గురూ స్టేజీ కింద కూడా దోస్తులేనా? ఇది మనకు మార్కుల కంటే పెద్ద విషయం.

మూడో ప్రశ్న అక్కడే పుట్టింది. "వీళ్లు బాగున్నారా?"

2019 నవంబర్‌లో నాగబాబు గారు జబర్దస్త్ నుంచి తప్పుకున్నారు. ఎందుకో ఆయనే తన యూట్యూబ్ ఛానల్‌లో వరుసగా వీడియోలు పెట్టి చెప్పారు. అప్పటిదాకా తెర వెనక సంగతి గాసిప్ వెబ్‌సైట్లలో దొరికేది. ఇప్పుడు ఆ కుర్చీలో కూర్చున్న మనిషే నేరుగా మాట్లాడుతున్నాడు. 2022 ఏప్రిల్‌లో మంత్రి అయ్యాక రోజా గారు వెళ్లారు. అదే ఏడాది సుధీర్ వేరే ఛానల్‌కి పోయారు, అనసూయ వెళ్లారు. షో నుంచి బయటికి వచ్చిన ఒక ఆర్టిస్ట్ అక్కడి పరిస్థితుల గురించి ఇంటర్వ్యూల్లో ఆరోపణలు చేశారు. అక్కడే పనిచేసే మిగతా ఆర్టిస్టులు అలాంటిదేం లేదని ఖండించారు. ఎవరిది నిజమో తేల్చడం మన పని కాదు. కానీ జనం దేని గురించి వాదించుకున్నారో చూడండి. జోక్ గురించి కాదు. పనిచేసే చోట మర్యాద గురించి. ఉద్యోగం చేసే ఎవరికైనా ఇది తెలిసిన గొడవే.

ఇంకొకటి. ఈ షోలో ఆడవాళ్ల పాత్రలు చాలా ఏళ్లు మగవాళ్లే వేశారు. లేడీ గెటప్ చూసి పగలబడి నవ్వాం. తర్వాత ఆ ఆర్టిస్టులు విగ్గు తీసి, మామూలు చొక్కా వేసుకుని ఇంటర్వ్యూల్లో కూర్చుని, బయట రోడ్డు మీద తమను ఎట్లా వెక్కిరిస్తారో చెప్పారు. ఆ మాటలు విన్నాక ఆ నవ్వు అంత తేలిగ్గా రాదు. పంచ్ ప్రసాద్ కిడ్నీ జబ్బుతో పోరాడుతూనే, దాని మీదే జోకులు వేసి నవ్వించారు. 2023లో ఆయన పరిస్థితి బాగాలేదని వీడియోలు వచ్చినప్పుడు ప్రేక్షకుల నుంచి ప్రభుత్వం దాకా స్పందన వచ్చింది. తెర వెనక వీడియో చేయగలిగిన మంచి పని అంటే నాకు గుర్తొచ్చేది ఇదే.

మరి సమస్య ఎక్కడ? ఈ మూడో ప్రశ్నకు ఎంత బలం ఉందో ప్రోమోలు కట్ చేసేవాళ్లకు కూడా తెలుసు. అందుకే ప్రోమోలో ఒకరు ఏడుస్తారు, ఒకరు మైక్ తీసి విసిరికొట్టి వెళ్లిపోతారు, సీరియస్ మ్యూజిక్ పడుతుంది. ఎపిసోడ్ చూస్తే అది ప్రాంక్. సుధీర్, రష్మి జంటకైతే పండగ ప్రోగ్రాంలో స్టేజీ మీద పెళ్లి సెట్ కూడా వేశారు. మేం స్నేహితులమే అని వాళ్లు ఎన్నిసార్లు చెప్పినా నమ్మని ఫ్యాన్స్ ఉన్నారు. అంటే "వీళ్లు బాగున్నారా" అనే మన ప్రేమనే ఎరగా వేసి వ్యూస్ పడుతున్నారు.

దీనివల్ల దెబ్బ తగిలేది ఛానల్‌కి కాదు. ప్రోమోలో గొడవ చూసి, ఎపిసోడ్ రాకముందే ఇంకో ఆర్టిస్ట్ ఇన్‌స్టాకి పోయి బూతులు తిట్టేవాళ్లున్నారు. ఎక్కువగా తిట్లు పడేది ఆడవాళ్లకు. వాళ్ల ఇంట్లో కూడా ఫోన్లు ఉంటాయి. వాళ్ల పిల్లలు కూడా చదువుతారు. ఇంకో నష్టం ఏంటంటే, పదిసార్లు ఉత్తుత్తి ఏడుపు చూసినోడు పదకొండోసారి నిజంగా ఆపదలో ఉన్న ఆర్టిస్ట్ వీడియో వస్తే "ఇది కూడా ప్రాంకే" అని పైకి తోసేస్తాడు. నాన్నా పులి కథ మనందరికీ తెలిసిందే కదా.

అందుకే ఇంజనీరుగా రెండు చెకింగులు చెప్తా. తెర వెనక వీడియో కనబడితే ముందు ఎవరు అప్‌లోడ్ చేశారో చూడండి. షో తీసిన కంపెనీయే పెడితే అది కూడా ఎడిట్ అయిన ప్రోగ్రామే, సరదాగా చూసెయ్యండి. రెండోది, కెమెరాలు లెక్కపెట్టండి. అనుకోకుండా జరిగిన గొడవ మూడు యాంగిల్స్‌లో, క్లోజప్‌తో సహా, మంచి ఆడియోతో ఉందంటే ఆలోచించాల్సిందే. ఈ రెండూ చూసేదాకా ఎవరినీ తిట్టొద్దు.

వేణుమాధవ్ గారి కాలంలో జనానికి ఒక్క ప్రశ్న సరిపోయింది. మనకు మూడు కావాలి. మొదటిదాంతో నేర్చుకోండి, రెండోదాన్ని జాగ్రత్తగా వాడండి, మూడోదాన్ని మాత్రం ప్రోమోలకు అమ్ముకోవద్దు. మీలో ఎవరైనా ఇలాంటి షోకి ఆడియన్స్‌గా పోయుంటే ఆ రోజు లంచ్ బ్రేక్‌లో ఏం చూశారో రాయండి, చదువుతా. వచ్చే ఎపిసోడ్‌లో మళ్లీ కోటలోకి పోదాం. ఉంటా మరి.