చందాలతో పుట్టిన భయానక చిత్రాలు

పెద్ద స్టూడియోల అండ లేని భయానక చిత్రాలకు పెట్టుబడి సమకూరిన చరిత్రలో 1967 నాటి అమెరికా నగరం పిట్స్‌బర్గ్‌కు ప్రత్యేక స్థానముంది. దర్శకుడు జార్జ్ రొమేరో, ఆయన సహచరులు కలిసి పదిమంది తలా 600 డాలర్లు వేసుకొని ‘ఇమేజ్ టెన్’ సంస్థను నెలకొల్పి, ఆపై మరికొందరు మదుపుదారులను కూడగట్టుకొని, సుమారు 1,14,000 డాలర్ల వ్యయంతో ‘నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్’ను పూర్తిచేశారు. అయితే 1968లో విడుదలకు ముందు పేరు మార్చినప్పుడు కాపీరైట్ హక్కుల ప్రకటన జారిపోవడంతో ఆ చిత్రం ఎవరైనా వాడుకోదగిన ఉమ్మడి సొత్తుగా మారింది.

ఇలా పలువురు కలిసి పెట్టుబడి పెట్టే తీరుకు విస్తృత రూపమైన క్రౌడ్‌ఫండింగ్, అనగా అనేకుల నుంచి చిన్న మొత్తాలను పోగుచేసే పద్ధతి, ఇండిగోగో (2008), కిక్‌స్టార్టర్ (2009) అనే ఇంటర్నెట్ వేదికలతో వ్యాపించింది. గుజరాత్ పాడిరైతులు ఐదు లక్షల మంది తలా రెండు రూపాయలిచ్చి నిర్మించిన ‘మంథన్’ (1976)ను ఎరిగిన భారతీయులకు ఈ ఆలోచన కొత్తదేమీ కాదు.

ఇరానీ తల్లిదండ్రులకు ఇంగ్లండ్‌లో పుట్టి అమెరికాలో పెరిగిన అనా లిలీ అమీర్‌పూర్, ఇండిగోగోలో 50,000 డాలర్లకు పైగా సేకరించి, నెత్తురు తాగే ప్రేతమైన వాంపైర్ గురించిన ఐరోపా జానపద విశ్వాసానికి ఇరానీ చాదర్ తొడిగి, కాలిఫోర్నియాలోని టాఫ్ట్ పట్టణాన్ని కల్పిత ఇరానీ నగరంగా చూపుతూ, పారశీక భాషలో ‘ఎ గర్ల్ వాక్స్ హోమ్ అలోన్ ఎట్ నైట్’ (2014) తీశారు. ఏ ఒక్క దేశపు మార్కెట్‌కూ పూర్తిగా చెందని ఇటువంటి నలుపు తెలుపు చిత్రానికి లాభాపేక్షగల నిర్మాత కంటే చందాదారుడే సహజమైన ఆసరా అనిపిస్తుంది. అయినా దాని కార్యనిర్వాహక నిర్మాతల్లో నటుడు ఎలైజా వుడ్ కూడా ఉన్నారు.