గుంటూరు, ప్రకాశం మైదానంలో ఎల్‌జీబీటీ హక్కులు – అభ్యుదయ రాజకీయాలు

పత్తి, మిరప పండే గుంటూరు, ప్రకాశం జిల్లాల మైదానం తెలుగునాట అభ్యుదయ రాజకీయాలకు పట్టుగొమ్మ. కులం, భూమి, దేవుడు, పెళ్లి, స్త్రీ స్వేచ్ఛ, ఈ అన్నింటి మీదా ఇక్కడ ఊరూరా వాదోపవాదాలు నడిచాయి. అలాంటి నేల మీద కూడా హిజ్రాలు, ట్రాన్స్‌జెండర్లు, స్వలింగ ప్రేమికుల హక్కులు పార్టీల దాకా చేరడానికి చాలా కాలం పట్టింది. చేరాక వాటికి దొరికిన చోటు సంక్షేమ పథకాల జాబితాలోనే. పెళ్లి, కుటుంబం అనే గడప దగ్గర అవి ఆగిపోయాయి. 2022 ఏప్రిల్ 4న బాపట్ల, పల్నాడు జిల్లాలు కొత్తగా ఏర్పడ్డాయి. ఇక్కడ చెప్పేది పాత ఉమ్మడి జిల్లాల సంగతి.

పూర్వరంగం

అభ్యుదయ రచయితల సంఘం తొలి మహాసభ 1943 ఫిబ్రవరిలో తెనాలిలో జరిగింది. అధ్యక్షత వహించిన తాపీ ధర్మారావు అప్పటికే గుడి గోడల మీది శృంగార శిల్పాల గురించి పుస్తకం రాసినవాడు. శాస్త్రాలను, పురాణాలను ప్రశ్నించిన త్రిపురనేని రామస్వామి చౌదరి సూతాశ్రమం కట్టుకున్నది తెనాలిలోనే. స్త్రీ స్వేచ్ఛ కోసం రాసిన చలం పెరిగిందీ తెనాలిలోనే. ‘మాలపల్లి’ రాసిన ఉన్నవ లక్ష్మీనారాయణ గుంటూరులో శారదానికేతనం నడిపి, వితంతు వివాహాల కోసం పనిచేశాడు. ఎం.ఎన్. రాయ్ అనుచరులైన రాడికల్ హ్యూమనిస్టులకు ఆవుల గోపాలకృష్ణమూర్తి లాంటి నాయకుణ్ణి ఇచ్చిందీ తెనాలే. పెళ్లిని, కామాన్ని, శాస్త్రాలను ఇంత సూటిగా నిలదీసిన ప్రాంతం ఆంధ్రదేశంలో మరొకటి చూపించడం కష్టం. అయినా ఆ నిలదీత ఆడా మగా మధ్య సంబంధం దగ్గరే ఆగింది. స్వలింగ సంబంధాలను నేరంగా చూసిన, 1860 నాటి శిక్షాస్మృతిలోని 377వ సెక్షన్ మీద ఇక్కడ ఉద్యమమంటూ ఏదీ లేవలేదు.

దీనికి కారణం ఈ ఊళ్లలో మాత్రమే లేదు. జర్మనీ సోషల్ డెమోక్రాట్ నాయకుడు ఆగస్ట్ బేబెల్ 1898లోనే స్వలింగ సంబంధాలను నేరంగా చూసే చట్టాన్ని ఎత్తేయాలని పార్లమెంటులో మాట్లాడాడు. విప్లవం తర్వాత 1922 నాటి సోవియట్ శిక్షాస్మృతిలో ఆ నేరం లేదు. స్టాలిన్ కాలంలో, 1934 నాటికి, అది మళ్లీ నేరమైంది. తెలుగు నేల మీద కమ్యూనిస్టు పార్టీ వేళ్లూనుకున్నది సరిగ్గా ఆ కాలంలోనే. బేబెల్ వారసత్వం ఇక్కడికి అందలేదు. చాలా దేశాల కమ్యూనిస్టు పార్టీల్లాగే ఇక్కడి పార్టీలూ ఈ విషయాన్ని దశాబ్దాల పాటు పట్టించుకోలేదు.

కృష్ణా నదికి అవతల, నిజాం రాజ్యంలో, పరిస్థితి ఇంకా కఠినంగా ఉండేది. 1329 ఫసలీలో, అంటే 1919లో, వచ్చిన నపుంసకుల చట్టం హిజ్రాల పేర్లు రిజిస్టరులో ఎక్కించమంది. ఆడబట్ట కట్టి వీధిలో కనిపిస్తే వారంట్ లేకుండా అరెస్టు చేసే అధికారం పోలీసులకు ఇచ్చింది. నిజాం పోయాడు, హైదరాబాద్ రాష్ట్రం పోయింది, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కూడా పోయింది. ఆ చట్టం మాత్రం పుస్తకాల్లో అలాగే ఉండిపోయింది. వైజయంతి వసంత మొగిలి వేసిన పిటిషన్‌పై 2023 జూలైలో తెలంగాణ హైకోర్టు దాన్ని కొట్టేసింది. నూరేళ్లకు పైబడిన ఆ అవమానం పోయింది బాధిత సమాజం నుంచి వచ్చిన మనిషి కోర్టు మెట్లెక్కబట్టే.

పార్టీల వెలుపలి నుంచి

ఈ మైదానంలో పార్టీలు కొత్త హక్కును గుర్తించే తీరు ఒకటుంది. బాధితులు తామే సంఘం కట్టుకుని రోడ్డెక్కాలి. పార్టీలు తర్వాత వస్తాయి. 1985 జూలై 17న చీరాల దగ్గరి కారంచేడులో దళితుల ఊచకోత జరిగాక దళిత మహాసభ పుట్టింది. 1991 ఆగస్టు 6న చుండూరులో జరిగిన దళితుల ఊచకోత ఆ గాయాన్ని మళ్లీ రేపింది. 1994 జూలై 7న ప్రకాశం జిల్లా ఈదుముడిలో ఎస్సీ వర్గీకరణ కోరే మాదిగ దండోరా మొదలైంది. వర్గం పేరు చెప్పి కులాన్ని పక్కన పెట్టిన వామపక్షాలు తమ మాట మార్చుకోవాల్సి వచ్చింది ఈ ఉద్యమాల తర్వాతే. ఎల్‌జీబీటీ హక్కులూ ఇదే దారిన నడిచాయి. తేడా ఏమిటంటే, వీళ్ల వెనక ఒక పేట గానీ, ఒక కులం ఓటు గానీ లేదు.

వీళ్లను ప్రభుత్వం మొదట పట్టించుకున్నది జబ్బు భయంతో. 2000 తర్వాతి సంవత్సరాల్లో గుంటూరు, ప్రకాశం హెచ్‌ఐవీ బాగా ప్రబలిన జిల్లాలు. చెన్నై–కలకత్తా జాతీయ రహదారి చిలకలూరిపేట, ఒంగోలు మీదుగా పోతుంది. గుంటూరు మిర్చి యార్డుకు, జిన్నింగు మిల్లులకు వచ్చిపోయే లారీలు, వలస కూలీలు సరేసరి. గేట్స్ ఫౌండేషన్ 2003లో మొదలుపెట్టిన ఆవాహన్ అనే హెచ్‌ఐవీ నివారణ కార్యక్రమానికి ఎంచుకున్న ఆరు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఆ డబ్బుతో, జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ డబ్బుతో క్లినిక్కులు, కండోముల పంపిణీ కేంద్రాలు వెలిశాయి. పగలు దుకాణాల ముందు, రైలు పెట్టెల్లో చేయిచాచి బతికేవాళ్లకు సాయంత్రం కూర్చోవడానికి ఒక గది, పేరు పెట్టి పిలిచే మనిషి దొరికారు. పోలీసు కొట్టినా, గూండా దోచుకున్నా చెప్పుకునే చోటు అదే అయింది. ఆ కేంద్రాల్లో పనిచేసినవాళ్లలో చాలామంది తర్వాత తామే సంఘాలు పెట్టారు. పార్టీ ఆఫీసు చేయాల్సిన పని ఎయిడ్స్ క్లినిక్కు చేసిందని చెప్పుకోవాల్సి రావడం బాధాకరం. కానీ జరిగింది అదే.

ఓటరు జాబితాలో ‘ఇతరులు’ అన్న గడి 2009లో వచ్చింది. 2011 జనగణనలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆ గడిలో చేరినవాళ్లు 43,769 మంది. ఉత్తరప్రదేశ్ తర్వాత దేశంలో ఇదే పెద్ద సంఖ్య. స్వలింగ ప్రేమికులకు అలాంటి గడి ఏదీ లేదు. పార్టీల లెక్కల్లో వాళ్లు కనిపించకపోవడానికి ఇదీ ఒక కారణం.

పింఛను, టికెట్టు

2014 ఏప్రిల్ 15న సుప్రీంకోర్టు జాతీయ న్యాయ సేవల సంస్థ (నాల్సా) కేసు తీర్పులో ట్రాన్స్‌జెండర్ల గుర్తింపును ప్రాథమిక హక్కుగా ప్రకటించింది. ఆంధ్రప్రదేశ్‌లో తెలుగుదేశం ప్రభుత్వం 2017 డిసెంబరులో ట్రాన్స్‌జెండర్లకు పింఛను ఇచ్చే విధానాన్ని ఆమోదించింది. తర్వాత వచ్చిన వైఎస్సార్ కాంగ్రెస్ ప్రభుత్వం దాన్ని కొనసాగించింది. 2024 జూలై 1న తెలుగుదేశం సారథ్యంలోని కొత్త కూటమి ప్రభుత్వం 4,000 రూపాయలకు పెంచిన పింఛన్ల పంపిణీని గుంటూరు జిల్లా పెనుమాకలో మొదలుపెట్టింది. వృద్ధులు, వితంతువులు, చేనేత కార్మికులు, గీత కార్మికులు, చర్మకారులు, డప్పు కళాకారులున్న ఆ వరసలోనే ట్రాన్స్‌జెండర్లూ ఉన్నారు. నెల మొదట్లో సచివాలయం ఉద్యోగి ఇంటికొచ్చి, పేరు పిలిచి, వేలిముద్ర తీసుకుని డబ్బు చేతిలో పెడతాడు. ఇంట్లోంచి గెంటేస్తే బయటపడ్డ మనిషికి ఇది చిన్న విషయం కాదు. ఆ డబ్బుతోపాటు ఒక చిరునామా, ఒక కాగితం కూడా వస్తాయి.

ఎన్నికల్లో నిలబడటం దగ్గర కథ వేరు. 2018 తెలంగాణ ఎన్నికల్లో సీపీఎం ముందుండి నిర్మించిన బహుజన లెఫ్ట్ ఫ్రంట్ హైదరాబాద్ గోషామహల్ స్థానంలో ట్రాన్స్ మహిళ చంద్రముఖి మువ్వలను నిలబెట్టింది. ప్రచారం మధ్యలో ఆమె కనిపించకుండా పోవడం, విషయం హైకోర్టు దాకా వెళ్లడం, ఆమె తిరిగి రావడం అప్పట్లో పెద్ద వార్త. కులం, వర్గం, జెండర్ మూడింటినీ ఒకే వేదిక మీదికి తెచ్చిన ఆ ప్రయత్నం తెలుగు వామపక్ష చరిత్రలో చెప్పుకోదగ్గది. ఓట్లు రాలేదని దాన్ని తీసిపారేయడం అన్యాయం. 2023లో బహుజన సమాజ్ పార్టీ వరంగల్ తూర్పు టికెట్టును ట్రాన్స్‌జెండర్ అభ్యర్థి పుష్పిత లయకు ఇచ్చింది. గుంటూరు జిల్లాలో మాత్రం 2019లో ట్రాన్స్ మహిళ తమన్నా సింహాద్రి మంగళగిరి నుంచి తెలుగుదేశం అభ్యర్థి నారా లోకేశ్ మీద స్వతంత్ర అభ్యర్థిగానే పోటీ చేయాల్సి వచ్చింది.

పెళ్లి దగ్గర

377వ సెక్షన్‌ను ఢిల్లీ హైకోర్టు 2009 జూలై 2న సడలించింది, సుప్రీంకోర్టు 2013 డిసెంబరు 11న తిరిగి నిలబెట్టింది, 2018 సెప్టెంబరు 6న అదే కోర్టు పెద్దల పరస్పర సమ్మతితో జరిగేదాన్ని నేరం కాదంది. ఈ మధ్యలోనే, 2014 ఎన్నికల ప్రణాళికల్లో, కాంగ్రెస్, సీపీఎం ఆ మార్పు తెస్తామని రాశాయి.

అసలు పరీక్ష 2023లో వచ్చింది. స్వలింగ వివాహాల కేసు విచారణలో కేంద్రం రాష్ట్రాల అభిప్రాయం అడిగింది. ఏడు రాష్ట్రాలు జవాబిచ్చాయి. నాలుగు గడువు అడిగాయి. సూటిగా వ్యతిరేకించినవి మూడు: అస్సాం, రాజస్థాన్, ఆంధ్రప్రదేశ్. మత పెద్దలను సంప్రదించామని, వారి మాట ప్రకారం వ్యతిరేకిస్తున్నామని ఆంధ్రప్రదేశ్ చెప్పింది. రాజస్థాన్‌లో అప్పుడున్నది కాంగ్రెస్ ప్రభుత్వం. ట్రాన్స్‌జెండర్ల ఇంటికి పింఛను పంపే ప్రభుత్వమే, ఇద్దరు మనుషులు కలిసి ఇల్లు పెట్టుకునే హక్కు గురించి అడిగితే మఠాధిపతులను, ముల్లాలను, పాస్టర్లను అడిగి రావడం అంగీకరించదగ్గది కాదు. రాజ్యాంగ హక్కు అడిగిన పౌరుడికి మతం జవాబుదారీ కాదు, ప్రభుత్వమే జవాబుదారీ.

2023 అక్టోబరు 17న అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం పెళ్లి హక్కును నిరాకరించింది. జంటలకు చట్టబద్ధ గుర్తింపు ఇవ్వడం కుదరదన్న ముగ్గురిలో ఒకరు తెలుగువారైన జస్టిస్ పి.ఎస్. నరసింహ. 2025 జనవరిలో పునఃసమీక్ష పిటిషన్లు కూడా వీగిపోయాయి. 2024 లోక్‌సభ ఎన్నికలకు కాంగ్రెస్ విస్తృత సంప్రదింపుల తర్వాత స్వలింగ జంటల పౌర బంధాన్ని గుర్తించే చట్టం తెస్తామంది. సీపీఎం ఇంకో అడుగు ముందుకేసి, ప్రత్యేక వివాహ చట్టం తరహాలో వారసత్వం, భరణం, ఆశ్రిత హోదా ఇచ్చే చట్టం కావాలంది. అయితే 2014 తర్వాత ఆంధ్రప్రదేశ్ శాసనసభలో కమ్యూనిస్టు సభ్యుడు ఒక్కరూ లేరు. ఈ హామీ రాసిన పార్టీలకు ఇక్కడ సభలో గొంతు లేదు. గొంతున్న పార్టీలు ఈ హామీ రాయలేదు.

ఒంగోలు కేసు

పార్టీలు వదిలేసిన ప్రశ్న ఒంగోలు మహిళా పోలీస్ స్టేషన్ నుంచి ముందుకొచ్చింది. ఒక ట్రాన్స్ మహిళ తన భర్త మీద, అత్తింటివారి మీద, భార్యను హింసించడాన్ని శిక్షించే 498ఎ సెక్షన్ కింద ఫిర్యాదు చేసింది. ఈమె పిల్లల్ని కనలేదు కాబట్టి పూర్తి అర్థంలో స్త్రీ కాదు, ఆ సెక్షన్ వర్తించదు అని అత్తింటివారి తరఫున వాదించారు. 2025 జూన్‌లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు న్యాయమూర్తి జస్టిస్ వెంకట జ్యోతిర్మయి ప్రతాప ఆ వాదనను తోసిపుచ్చారు. స్త్రీత్వాన్ని గర్భంతో కొలవడం రాజ్యాంగంలోని 14, 15, 21 అధికరణలకు విరుద్ధమన్నారు. పురుషుణ్ణి పెళ్లాడిన ట్రాన్స్ మహిళకు ఆ సెక్షన్ కింద ఫిర్యాదు చేసే హక్కు ఉందన్నారు. ఆ ఫిర్యాదులో నిర్దిష్టమైన ఆధారాలు లేవంటూ కేసును మాత్రం కొట్టేశారు. హక్కు నిలబడింది, ఫిర్యాదుదారు ఓడిపోయింది. ఇదే జిల్లాలో ఇద్దరు స్త్రీలు, లేదా ఇద్దరు పురుషులు, కలిసి కాపురం చేస్తే మాత్రం ఆ బంధం చట్టం దృష్టిలో పెళ్లి కాదు. ఒకరు పోతే రెండోవారికి భర్తగానో భార్యగానో వారసత్వం రాదు.