2019 ఆల్-ఎస్ఈసీ ఫుట్‌బాల్ జట్టు

2019 ఆల్-ఎస్ఈసీ ఫుట్‌బాల్ జట్టు అనునది అమెరికా సంయుక్త రాష్ట్రాల ఆగ్నేయ ప్రాంత విశ్వవిద్యాలయాల క్రీడా సమాఖ్య అయిన సౌత్‌ఈస్టర్న్ కాన్ఫరెన్స్ (ఎస్ఈసీ)లో ఆ సంవత్సరం ఉత్తమ ప్రతిభ కనబరచిన ఆటగాళ్ళ గౌరవ జాబితా. ఇది మైదానంలో కలిసి ఆడిన జట్టు కాదు. ఒక్కొక్క స్థానానికి ఎంపికైన వారి పేర్ల పట్టిక మాత్రమే. ఇచ్చట ఫుట్‌బాల్ అనగా కోడిగ్రుడ్డు ఆకారపు బంతిని చేతితో విసురుతూ, పట్టుకొని పరుగెత్తుతూ ఆడే అమెరికన్ ఫుట్‌బాల్.

నేపథ్యము

ఎస్ఈసీ 1932లో ఏర్పడినది. 2019లో ఇందులో 14 విశ్వవిద్యాలయాలు ఉండెడివి. 2024లో టెక్సస్, ఓక్లహోమా చేరికతో ఈ సంఖ్య 16 అయినది. 2019లో లూసియానా స్టేట్ విశ్వవిద్యాలయం (ఎల్ఎస్‌యూ) ఆడిన 15 ఆటలలోనూ గెలిచి, సమాఖ్య విజేతగాను, జాతీయ విజేతగాను నిలిచినది.

ఎంపిక విధానము

ఈ గౌరవానికి ప్రధానంగా రెండు జాబితాలు కలవు. ఒకటి సమాఖ్యలోని జట్ల ప్రధాన శిక్షకులు ఎన్నుకొనునది. పక్షపాతమునకు తావు లేకుండుటకై ఏ శిక్షకుడూ తన సొంత ఆటగాళ్ళకు ఓటు వేయరాదు. రెండవది అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థ నిర్వహించే, క్రీడా విలేఖరుల ఎన్నిక. రెండింటిలోనూ ప్రథమ, ద్వితీయ జట్లు ఉంటాయి. 2019 జాబితాలు ఆ సంవత్సరం డిసెంబరులో వెలువడినవి.

ముఖ్యులు

* జో బర్రో (ఎల్ఎస్‌యూ, క్వార్టర్‌బ్యాక్): రెండు ఎన్నికలలోనూ ఉత్తమ దాడి ఆటగాడు. ఆ సంవత్సరం 5,671 గజాల పాసులు, 60 టచ్‌డౌన్ పాసులు సాధించెను. హైస్‌మన్ ట్రోఫీ కూడ పొందెను.
* జమార్ చేజ్ (ఎల్ఎస్‌యూ, వైడ్ రిసీవర్): 1,780 గజాలు, 20 టచ్‌డౌన్లు.
* డెరిక్ బ్రౌన్ (ఆబర్న్, డిఫెన్సివ్ ట్యాకిల్): రెండు ఎన్నికలలోనూ ఉత్తమ రక్షణ ఆటగాడు.
* లిన్ బౌడెన్ జూనియర్ (కెంటకీ): బహుముఖ ఆటగాడు.

వీరిలో బౌడెన్ ఎంపిక విశేషమైనది. ఇతడు వైడ్ రిసీవర్. తన జట్టు క్వార్టర్‌బ్యాక్‌లు గాయపడగా చివరి 8 ఆటలలో ఆ బాధ్యత స్వీకరించి, మొత్తం 1,468 గజాలు పరుగెత్తి సమాఖ్యలో ప్రథముడాయెను. ఏ ఒక్క స్థానానికీ ఒదగని ఇట్టి ఆటగాని కొరకే జాబితాలో బహుముఖ ఆటగాడు అను విభాగం కలదు.

రెండు జాబితాల మధ్య భేదము

ఒకే సంవత్సరాన్ని చూచినను రెండు వర్గాల తీర్పు అన్నివేళలా ఏకీభవించదు. 2019లో శిక్షకులు ఉత్తమ ప్రథమ సంవత్సర ఆటగాడిగా ఆబర్న్ క్వార్టర్‌బ్యాక్ బో నిక్స్‌ను ఎన్నుకొనిరి. విలేఖరులు ఉత్తమ నూతన ఆటగాడిగా ఎల్ఎస్‌యూ కార్నర్‌బ్యాక్ డెరెక్ స్టింగ్లీ జూనియర్‌ను ఎంచిరి. కావున ఆటగాని పేరు పేర్కొనునపుడు, ఏ జాబితా అన్నది కూడ తెలుపుట అవసరం.

ప్రాముఖ్యత

కళాశాల ఆటగాళ్ళు తమ పేరు, రూపం ద్వారా ధనార్జన చేయుటకు 2021 జూలై వరకు జాతీయ నిబంధనలు అనుమతించలేదు. విద్యార్థి వేతనంతో ఆడిన వారికి 2019లో ఇట్టి గౌరవమే వృత్తి క్రీడకు పోవుటకు సిఫారసు వంటిది. 2020 ఎన్ఎఫ్ఎల్ డ్రాఫ్టులో బర్రో మొదటివాడిగా, బ్రౌన్ ఏడవవాడిగా ఎంపికైరి. బౌడెన్‌కు మూడవ రౌండులో అవకాశం లభించినది. ఉన్నత పాఠశాల విడిచి మూడేళ్ళు నిండనందున చేజ్ 2021 వరకు వేచియుండవలసి వచ్చినది.

ఇవి కూడ చూడండి

* అమెరికన్ ఫుట్‌బాల్
* హైస్‌మన్ ట్రోఫీ