సర్వీస్ ప్రొవైడర్లు: భద్రాచలం ఏజెన్సీ

వ్యాపార, ఐటీ రంగాల్లో ఇతరులకు సేవలందించే సంస్థ లేదా విభాగం సర్వీస్ ప్రొవైడర్. 1980లలో బ్రిటిష్ ప్రభుత్వం రూపొందించిన ఐటీఐఎల్ మార్గదర్శకాల 2007 కూర్పు వీటిని మూడు రకాలుగా విడదీసింది: ఒక్క విభాగానికే పనిచేసే సొంత బృందం, సంస్థ మొత్తానికీ పనిచేసే ఉమ్మడి యూనిట్, బయటి కంపెనీ. ఖమ్మం దాటి భద్రాచలం అడవుల్లోకి వస్తే ఈ లెక్క తప్పుతుంది. లాభం లేనిచోటికి బయటి కంపెనీ తనంతట తాను రాదు.

కంప్యూటర్లకు చాలా ముందే ఇక్కడ ఆ ఖాళీని పూడ్చింది గిరిజన సహకార సంస్థ, జనం నోట జీసీసీ. 1956లో విశాఖపట్నం కేంద్రంగా పుట్టి, తర్వాత ఈ అడవులకూ విస్తరించింది. సంతలో షావుకారి తూకానికీ, అప్పుకీ గిరిజనులు చిక్కకుండా చూడటం దాని పని. తపసి బంక, ఇప్పపువ్వు, చింతపండు కొనేదీ, డిపోలో బియ్యం, సరుకులు ఇచ్చేదీ అదే. పై మూడు రకాల్లో ఏదీ దానికి పూర్తిగా అతకదు.

ఫోను కథా అంతే. తీవ్రవాద ప్రభావిత ప్రాంతాల్లో టవర్లు వేసే పథకాన్ని కేంద్రం 2014 ఆగస్టులో ఆమోదించింది. తెలంగాణ సహా పది రాష్ట్రాల్లో 2,199 చోట్ల ఆ పని బీఎస్‌ఎన్‌ఎల్‌కు అప్పగించింది; డబ్బు సార్వత్రిక సేవా నిధిది. కరెంటు నమ్మకం లేని చోట్ల సౌరశక్తితో నడిచేలా కట్టిన ఆ 2జీ టవర్లు మాటలకు చాలినా ఇంటర్నెట్‌కు చాలలేదు. వాటిని 4జీకి మార్చడానికి ఆమోదం 2022 ఏప్రిల్‌లో గానీ రాలేదు.

ప్రభుత్వ సర్టిఫికెట్ల దారి వేరు. ప్రభుత్వ సేవలను కౌంటర్లలో అందించే ఈ-సేవ 2001లో హైదరాబాద్‌లో, మీసేవ 2011 నవంబరులో మొదలయ్యాయి. మీసేవలో రికార్డు, డిజిటల్ సంతకం ప్రభుత్వానివి. కౌంటరు ఎక్కువచోట్ల ప్రైవేటు ఆపరేటరుది, ఆదాయం దరఖాస్తుకింత అని కమీషన్.

రాష్ట్రం మారితే ఈ కౌంటరూ మారుతుంది. 2014లో పోలవరం ప్రాజెక్టు ముంపు మండలాలు ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లాయి. భద్రాచలం పట్టణం తెలంగాణలోనే మిగిలింది. పక్కనే ఉన్న ఎటపాక అవతలికి పోయింది. 2019 అక్టోబరు 2న ఆంధ్రప్రదేశ్ గ్రామ సచివాలయాలు తెచ్చాక అక్కడి దరఖాస్తులు ప్రభుత్వ ఉద్యోగుల చేతికి వెళ్లాయి. భద్రాచలంలో మాత్రం జనం ఇప్పటికీ మీసేవ ఆపరేటరు దగ్గరే వరుస కడుతున్నారు.