రాక్షస గుళ్లకు తూర్పు వాకిలి

హిందూపురం వచ్చినవారు లేపాక్షి నంది చూడకుండా వెళ్లరు. 1565లో తళ్లికోట యుద్ధం తర్వాత విజయనగర రాజులకు రాజధాని అయిన పెనుకొండ కోటకూ సందర్శకులు ఉన్నారు. ఆ రెండింటికన్నా వెయ్యేళ్లకు పైగా పాతవైన కట్టడాలు పాత అనంతపురం జిల్లాలోనే, కళ్యాణదుర్గం దగ్గరి ముదిగల్లులో ఉన్నాయి. వాటిని వెతుక్కుంటూ వెళ్లేవారు మాత్రం అరుదు.

అవి ఇనుప యుగపు సమాధులు. నిలువుగా పాతిన రాతి పలకలు, వాటి మీద కప్పుగా ఓ పెద్ద బండ. ఇలాంటివాటిని తెలుగు పల్లెలు రాక్షస గుళ్లనీ, పాండవ గుళ్లనీ పిలిచాయి. సరిహద్దు దాటి కన్నడ సీమకు పోతే అవే మోరియర ఇళ్లు, మోరియులంటే మరుగుజ్జులట! అంత బరువు ఎత్తాలంటే రాక్షసులే కావాలి, అంత చిన్న గదిలో ఉండాలంటే మరుగుజ్జులే కావాలి. రెండు ఊహలూ రాతిని బాగా చూసినవారివే.

లోపలి సంగతి తేటపడింది రాయదుర్గం అవతల, చిత్రదుర్గం జిల్లా బ్రహ్మగిరిలో. అశోకుడి శాసనమున్న ఆ కొండ కింద 1947లో పురావస్తు శాస్త్రవేత్త మార్టిమర్ వీలర్ తవ్వించాడు. అక్కడి సమాధి గదుల్లో నాలుగు గ్రానైటు పలకలనూ చదరంగా కలపలేదు. ఒక్కో పలక అంచు పక్కదాన్ని దాటి ముందుకు పొడుచుకొచ్చేలా, పైనుంచి చూస్తే స్వస్తిక్‌లా నిలిపారు. బయటి మట్టి ఎంత నెట్టినా పలకలు ఒకదానికొకటి ఆనుకుని బిగుస్తాయే తప్ప లోపలికి కూలవు. తూర్పు పలకకు గుండ్రటి కన్నం తొలిచారు. దాని ముందు చిన్న పలకలతో ఇరుకు దారి కట్టారు.

సమాధికి దారెందుకు? లోపల దొరికినవి ఒక్కరి ఎముకలు కావు. శవాన్ని ముందు వేరేచోట ఉంచి, మాంసం పోయాక ఎముకలు ఏరి తెచ్చి, ఎరుపు నలుపు కుండలతో, ఇనుప పనిముట్లతో కలిపి ఇక్కడ పెట్టేవారు. దగ్గర్లోనే ఎముకలు లేని గుంతలు, వాటి చుట్టూ రాతి వలయాలు కనిపించాయి. శవాలను తొలుత ఉంచింది అక్కడేనని వీలర్ ఊహించాడు. అంటే ఇవి ఇంటిల్లిపాదికీ కట్టిన గూళ్లు కావచ్చు.

ఐర్లండ్‌లోని న్యూగ్రేంజ్ సమాధికీ ఇలాగే దారి ఉంది, చాలా పొడవైనది. అది క్రీ.పూ. 3200 నాటిది. మనవి దానికి రెండు వేల ఏళ్ల తర్వాతివి, కట్టినవారి చేతిలో ఇనుము ఉంది. ఆ రెంటికీ సంబంధం కలపడం తొందరపాటు.

ఈ సమాధులకు ఇప్పుడు ఎండావానలకన్నా గుప్తనిధుల వేటగాళ్లే పెద్ద గండం. కప్పుబండ తోసేసి తవ్వితే చాలావరకు దొరికేవి పెంకులూ, తుప్పు పట్టిన ఇనుమూ, ఎముకలే. ఏ కుండ ఏ మూల, ఏ ఎముక పక్కన ఉందన్నదే చరిత్రకారుడికి అసలు ఆధారం. ఒక్క రాత్రి తవ్వకంతో అది పోతుంది. 1878 నాటి నిధుల చట్టం ప్రకారం, పది రూపాయలకు మించిన విలువైనది భూమిలో దొరికితే కలెక్టరుకు తెలపాల్సిందే. తవ్వకం కంటపడినా, కొత్త సమాధి బయటపడినా ఊరివారు వెంటనే పురావస్తు శాఖకు కబురు పెట్టాలి.