రహీం సాబ్ హిసాబ్, మా చిచ్చా ఇంతెజార్

మా ఆపా కొడుకు కోదాడ నుంచి మెల్‌బోర్న్ వెళ్లి ఆరేళ్లు దాటింది. అక్కడ ఉద్యోగంతో పాటు ఓ ఆట పిచ్చి కూడా అంటుకుంది వాడికి. క్రికెట్ కాదు, మనం ఫుట్‌బాల్ అనుకునేదీ కాదు. ఆస్ట్రేలియన్ రూల్స్ ఫుట్‌బాల్. గుడ్డు ఆకారంలో బంతి, గుడ్డు ఆకారంలోనే మైదానం, ఒక్కో వైపు 18 మంది. మొన్న అక్టోబర్‌లో ఫోన్ చేసి, సలాం దువా అయ్యాక, "మామూ, మా క్లబ్‌కు బ్యాకప్ రక్‌మన్ దొరుకుతలేడు, చాలా పరేషాన్‌గ ఉంది" అన్నాడు. వాడి ఇంటి అద్దె గురించి కూడా అంత పరేషాన్‌గా మాట్లాడగా వినలేదు నేను.

రక్‌మన్ అంటే ఎవరని అడిగితే అరగంట చెప్పాడు. అంపైర్ మైదానం మధ్యలో బంతిని పైకి లేపుతాడు. రెండు జట్ల నుంచి ఒక్కొక్క పొడగరి ఎగిరి, ఆ బంతిని తనవాడి చేతికి అందేలా తట్టాలి. ఆ పొడగరే రక్‌మన్. అలాంటివాళ్లు తక్కువ, తయారవడానికి ఏళ్లు పడుతుంది. మోకాలు పోతే ఆ జాగాలో నిలబడటానికి మామూలు ఎత్తువాడు పనికిరాడు. అందుకని సెప్టెంబర్ చివర్లో ఫైనల్ ముగిశాక, అక్టోబర్‌లో క్లబ్‌లు ఆటగాళ్లను మార్చుకునే రోజుల్లో, ప్రతి క్లబ్ ఇంకో క్లబ్ బెంచి మీద కూర్చున్న పొడగరి వైపు చూస్తుంది. చిక్కేమిటంటే, "మా మొదటివాడు బాగున్నంత కాలం నువ్వు కూర్చోవాలి" అంటే ఎవడొస్తాడు? వచ్చేవాడికి నిజంగా ఆడే సత్తా ఉంటే కూర్చోడు. కూర్చోవడానికి ఒప్పుకున్నాడంటే సత్తా మీద షక్.

ఫోన్ పెట్టేశాక నాకు రహీం సాబ్ గుర్తొచ్చారు. ఆయనతో పాటు మిర్యాలగూడలో ఉన్న మా చిచ్చా కూడా.

సయ్యద్ అబ్దుల్ రహీం పేరు 2024లో 'మైదాన్' సినిమా వచ్చాక మన పిల్లలకు కొంచెం తెలిసింది. అజయ్ దేవగన్ సిగరెట్ కాలుస్తూ కనబడతాడు, అంతవరకు సహీ. ఆయన ఉస్మానియాలో చదివిన టీచర్ అనీ, కాచిగూడ, చాదర్‌ఘాట్ బడుల్లో పాఠాలు చెప్పారనీ, 1950 నుంచి హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకు కోచ్ అనీ మన ఇళ్లలో ఎంతమందికి ఎరుక? ఆ జట్టు బొంబాయి రోవర్స్ కప్‌ను 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదేళ్లు గెలిచింది. 1950లో మోహన్ బగాన్‌ను ఓడించి డ్యూరాండ్ కప్ కూడా తెచ్చింది. పోలీస్ యాక్షన్ గడిచి అప్పటికి రెండేళ్లు. హైదరాబాద్ ముసల్మాన్ ఇళ్లలో ఎవరి నౌకరీ ఉందో, ఎవరిది పోయిందో తెలియని కాలం. అప్పుడు ఫుట్‌బాల్ ఆడగలిగిన కుర్రాడికి పోలీస్ నౌకరీ దొరకడమంటే ఇంటిల్లిపాదికీ రోజీ దొరికినట్టే. రిక్రూట్‌మెంట్ అనే మాటకు అక్కడ రెండు మానీలున్నాయి: జట్టులోకి, జీతంలోకి.

ఇక బ్యాకప్ సంగతి. రహీం సాబ్ కాలంలో ఆట మధ్యలో ఒకరిని తీసి ఇంకొకరిని దింపడం ఉండేది కాదు. ప్రపంచ కప్‌లోనే సబ్‌స్టిట్యూట్‌లు మొదట 1970లో వచ్చారు. కాలు విరిగితే పది మందితో ఆడాలి, అంతే. మన కబడ్డీలో ఏడుగురు లోపల, ఐదుగురు బయట ఉంటారు, మార్చుకోవచ్చు. మా భాంజా చెప్పే ఆటలో విక్టోరియా లీగ్ వాళ్లు 1930లోనే 19వ ఆటగాడిని పెట్టుకున్నారు, 1946లో 20వ వాడిని. 1978 నుంచి లోపలికీ బయటికీ మార్చుకునే వీలు కూడా ఇచ్చారు. మన ఫుట్‌బాల్‌లో ఆ సౌకర్యం లేదు. అంటే రెండో ఆటగాడికి ఛాన్స్ రావాలంటే విజిల్ పడకముందే మొదటివాడు మంచం పట్టాలి.

ఈ చిక్కుకు రహీం సాబ్ కనిపెట్టిన ఇలాజ్ వేరు. ఒక్కో జాగాకు ఇద్దరిని వెతకడం కాదు, ఒక్కొక్కరికీ రెండు పనులు నేర్పడం. హైదరాబాద్‌లో ఆయన పెట్టించిన టోర్నమెంట్‌లు చూడండి. ఒకదాంట్లో డ్రిబ్లింగ్ మనా, బంతి రాగానే పాస్ ఇవ్వాలి. ఇంకోదాంట్లో బలహీనమైన కాలుతోనే తన్నాలి. కుడికాలి ఆటగాడు అక్కడ ఎడమకాలితో తంటాలు పడాల్సిందే. చూసేవాళ్లకు తమాషా. కానీ రెండు కాళ్లూ వచ్చినవాడు రెండు వైపులా ఆడగలడు, రెండు వైపులా ఆడగలిగినవాడు మైదానంలోనే ఉన్న బ్యాకప్. యూసుఫ్ ఖాన్ సాబ్ ఆ తాలీమ్‌కు నమూనా. పోలీస్ జట్టువాడు. డిఫెన్స్‌లో పెట్టినా, మిడ్‌ఫీల్డ్‌లో పెట్టినా, ముందుకు పంపినా ఆడేవారు. 1966లో అర్జున అవార్డు వచ్చింది. 2006లో వఫాత్ అయ్యారు.

పొడగరి గురించి కదా మొదలుపెట్టాం. ఆ ముచ్చట పీటర్ తంగరాజ్‌ది. పుట్టింది హైదరాబాద్‌లోనే, 1935లో. ఆరడుగులు దాటిన మనిషి. సెంటర్ ఫార్వర్డ్‌గా మొదలుపెట్టి ఫౌజ్‌లో గోల్‌కీపర్ అయ్యాడు, మద్రాస్ రెజిమెంటల్ సెంటర్ జట్టుకు ఆడాడు. ఆ తర్వాత కలకత్తాలో మొహమ్మదన్ స్పోర్టింగ్, మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ మూడింటికీ ఆడాడు. ఒక్క పొడగరి కోసం ముగ్గురు సేఠ్‌లు కాచుకు కూర్చున్న లెక్క.

1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌కు రహీం సాబ్ తీసుకెళ్లిన జట్టులో గోల్‌కీపర్లు ఇద్దరు, తంగరాజ్, ఎస్. ఎస్. నారాయణ్. నాలుగేళ్ల తర్వాత రోమ్‌కూ ఆ ఇద్దరే. ఎవరు నిలబడ్డా ఇంకొకరు చూస్తూ కూర్చోవాల్సిందే. ఆ మెల్‌బోర్న్ జట్టులో మన హైదరాబాదీలు నూర్ మొహమ్మద్, అజీజుద్దీన్, జుల్ఫికర్, సికింద్రాబాద్ అమ్ముగూడ కుర్రాడు తులసీదాస్ బలరాం ఉన్నారు. డిసెంబర్ 1న ఆస్ట్రేలియాను 4-2తో కొట్టి సెమీస్‌కు వెళ్లారు, నెవిల్ డిసౌజా హ్యాట్రిక్. డిసెంబర్ 4న మెల్‌బోర్న్ క్రికెట్ గ్రౌండ్‌లో యుగోస్లావియా చేతిలో 4-1తో ఓడారు. ఇక్కడ ఒక చిన్న మాట, మా భాంజాకు చెబితే వాడు ఫోన్‌లో గట్టిగా అరిచాడు. ఆ ఓటమి తర్వాత మూడు రోజులకే, డిసెంబర్ 7న, అదే మైదానంలో ఒలింపిక్స్‌లో ప్రదర్శన ఆటగా ఆస్ట్రేలియన్ రూల్స్ ఫుట్‌బాల్ ఆడించారు. రహీం సాబ్ అది చూశారో లేదో నేను చెప్పలేను. చూసి ఉంటే ఆ ఎగిరే పొడగర్లను చూసి ఒక సిగరెట్ ఎక్కువే కాల్చి ఉంటారని నా ఖయాల్.

అసలు ఇంతెహాన్ 1962 జకార్తాలో వచ్చింది. ఆసియా క్రీడలు. మొదటి ఆటలోనే దక్షిణ కొరియా చేతిలో 2-0 ఓటమి. తర్వాత థాయిలాండ్‌ను 4-1తో కొట్టారు గానీ, ఆ ఆటలో స్టాపర్ జర్నైల్ సింగ్ తల పగిలింది, కుట్లు పడ్డాయి. జపాన్‌తో ఆటకు జర్నైల్ లేడు. తంగరాజ్‌కు ఫ్లూ, అందుకని సెమీస్‌లో గోల్ కాసింది రెండో కీపర్ ప్రద్యుత్ బర్మన్. ఇద్దరు పెద్ద మనుషులూ ఇద్దరు బీమార్లే. ఇప్పటి కోచ్ అయితే బెంచి వైపు చూస్తాడు.

రహీం సాబ్ జర్నైల్‌ను సెంటర్ ఫార్వర్డ్‌గా నిలబెట్టారు! తలకు కుట్లున్న డిఫెండర్‌ను తీసుకెళ్లి ముందు వరుసలో. పిచ్చి పని కాదది. జర్నైల్ కాలేజీ రోజుల్లో ఫార్వర్డ్ ఆడినవాడే, ఆ సంగతి ఉస్తాద్‌కు యాద్ ఉంది. స్టాపర్ జాగాలో అరుణ్ ఘోష్‌ను పెట్టారు. సెమీస్‌లో దక్షిణ వియత్నాంపై 3-2తో గెలిస్తే అందులో ఒక గోల్ జర్నైల్‌ది. సెప్టెంబర్ 4న ఫైనల్, మళ్లీ కొరియా. ఇజ్రాయెల్, తైవాన్‌లను రానివ్వలేదన్న గొడవలో మన అధికారి ఒకాయన మాట్లాడినందుకు స్టేడియం మొత్తం ఇండియా మీద కోపంగా ఉంది. ఫైనల్‌కు బర్మన్‌ను ఆపి, ఫ్లూ నుంచి లేచిన తంగరాజ్‌ను గోల్‌లో నిలబెట్టారు. 17వ నిమిషంలో పి. కె. బెనర్జీ, 20వ నిమిషంలో జర్నైల్. 2-1. సోనా. యూసుఫ్ ఖాన్, బలరాం కూడా ఆ పదకొండు మందిలో ఉన్నారు.

అందరూ జర్నైల్ కుట్ల గురించి చెబుతారు, చెప్పాలి కూడా. నేను మాత్రం బర్మన్ దగ్గర ఆగిపోతాను. సెమీస్ దాటించిన కీపర్ ఫైనల్ రోజు ఎక్కడ కూర్చున్నాడు? ఏమనుకున్నాడు? ఉస్తాద్ ఫైసలా ఆట పరంగా తప్పని నేను అనను, పతకం అందరికీ వచ్చింది. కానీ రెండో మనిషి నసీబ్ అలా ఉంటుంది. మొదటివాడి జ్వరం మీద మొదలై, మొదటివాడి జ్వరం తగ్గితే ముగిసేది. ఆ తర్వాతి ఏడాది జూన్ 11న రహీం సాబ్ క్యాన్సర్‌తో వెళ్లిపోయారు. 53 ఏళ్లు.

ఆయన తర్వాత హైదరాబాద్‌కు మిగిలింది కలకత్తాకు ఆటగాళ్లను పంపే పని. అంతకు ముందూ ఉందది. మొహమ్మదన్ స్పోర్టింగ్ 1934 నుంచి ఐదేళ్లు వరుసగా కలకత్తా లీగ్ గెలిచిందంటే, బెంగళూరు నుంచి క్వెట్టా దాకా ఎక్కడ ఆటగాడున్నా పిలిపించుకుంది కాబట్టే. బలరాం 1957లో ఈస్ట్ బెంగాల్‌కు వెళ్లాడు. 1966లో నయీముద్దీన్, హబీబ్ వెళ్లారు, హబీబ్ తమ్ముడు అక్బర్ తర్వాత. కలకత్తాలో సీజన్‌కు ముందు ఆటగాళ్లు క్లబ్ మారే రోజులను దల్ బదల్ అంటారు. సంతకం పెట్టేదాకా ఎదుటి క్లబ్‌వాళ్ల కంట పడకుండా ఆటగాణ్ని ఇంట్లో దాచిపెట్టడం అక్కడ మామూలు. హబీబ్ సాబ్ నౌకరీ వద్దని ఆటనే పేషాగా పెట్టుకున్నారు. 1977లో పెలే ఆడిన కాస్మోస్ జట్టుపై మోహన్ బగాన్ తరఫున గోల్ కొట్టారు. 2023 ఆగస్టు 15న హైదరాబాద్‌లో ఇంతెకాల్ అయ్యారు. మొదటి వరుసవాళ్లంతా అటు వెళితే ఇక్కడ రెండో వరుసే మొదటి వరుస అయింది. రెండో వరుసలోకి సూర్యాపేట, మిర్యాలగూడ లాంటి ఖస్బాల నుంచి ఎవరైనా వస్తారా అని చూశారు.

మా చిచ్చా అలా వెళ్లాడు. సూర్యాపేటలో మేం చదివిన ఉర్దూ మీడియం బడిలోనే నాకంటే ముప్పై ఏళ్ల ముందు చదివాడు. తలుపు కింద వంగి వచ్చేంత ఎత్తు. 1973లో హైదరాబాద్‌లోని ఓ జట్టువాళ్లు (పేరు వద్దు) రెండో గోల్‌కీపర్‌గా రమ్మన్నారు. ఆడు, నౌకరీ చూస్తాం అన్నారు. మా దాదా రెండు బస్తాల వడ్లు అమ్మి పంపించాడు.

మూడు సీజన్లు ఉన్నాడు. పొద్దున, సాయంత్రం ప్రాక్టీస్‌లో ఫార్వర్డ్‌లందరూ తన్నే బంతులు పట్టడం రెండో కీపర్ పని. మొదటి కీపర్‌కు చేతులు నొప్పి పుట్టకూడదు కదా. "రోజుకు రెండు వందల బాల్స్ పట్టిన బేటా, ఒక్కదానికీ హిసాబ్ లేదు" అంటాడు ఇప్పటికీ నవ్వుతూ. అసలు ఆటలు ఆడింది రెండే. మూడో సీజన్‌లో మొదటి కీపర్ వేలు విరిగింది. టెలిగ్రాం సూర్యాపేటకు వచ్చింది. చిచ్చా ఆ రోజు కోదాడలో మేనత్త కూతురి షాదీలో వడ్డిస్తున్నాడు. ఎవరో సైకిల్ మీద బస్టాండ్‌కు వెళ్లి, కోదాడ బస్సు కండక్టర్‌కు కాగితం ఇచ్చి పంపారట. అది చేరేసరికి వలీమా కూడా అయిపోయింది. హైదరాబాద్ వెళ్లేసరికి బెంగళూరు నుంచి ఇంకెవరినో దింపారు. నౌకరీ సంగతి అడిగితే "వచ్చే సాల్ చూద్దాం" అన్నారు. వచ్చే సాల్ మిర్యాలగూడ రైస్ మిల్లులో గుమస్తాగా చేరాడు. సాగర్ కాలువ నీళ్లు వచ్చాక అక్కడ మిల్లులు లేస్తున్న రోజులు, లెక్క రాయడం వచ్చినవాళ్లు కావాలి. ముప్పై ఆరేళ్లు రాశాడు.

కిందటి వారం మిర్యాలగూడ వెళ్లినప్పుడు మా భాంజాను వీడియోలో కలిపాను. వాడు తన క్లబ్ పరేషానీ మొత్తం చిచ్చాకు వివరించాడు. ఎత్తెంత ఉండాలి, ఎన్నేళ్లు పడుతుంది, ఎవరిని అడుగుతున్నారు, అన్నీ. వాడికి తను ఎవరితో మాట్లాడుతున్నాడో సరిగ్గా తెలియదు, నేనెప్పుడూ చెప్పలేదు. చిచ్చా చాయ్ పక్కన పెట్టి చెవి ఫోన్ దగ్గరికి తెచ్చి శ్రద్ధగా విన్నాడు. చివరికి ఒక్కటే అడిగాడు.

"ఆడకపోయినా తన్‌ఖా ఇస్తరా బేటా?"

"ఇస్తరు నానా, కాంట్రాక్ట్ ఉంటది. రెండేళ్లు, మూడేళ్లు."

"రాసి ఇస్తరా?"

"రాసే ఇస్తరు."

చిచ్చా మళ్లీ చాయ్ అందుకున్నాడు. "అయితే దొరుకుతడు," అన్నాడు. "ఫికర్ చెయ్యకు అని చెప్పు మీవాళ్లకు."