దూర విమానానికి ధర కట్టిందెవరు?

హైదరాబాద్ నుంచి అమెరికా వెళ్లే విమానంలో పక్కపక్కన కూర్చున్న ఇద్దరి టికెట్ల మధ్య వేల రూపాయల తేడా ఉండవచ్చు. దూరం ఒకటే, సీటు ఒకటే. ధర నిర్ణయించే అధికారం ఏ కాలంలో ఎవరి చేతిలో ఉందో చూస్తే తప్ప ఈ తేడా అర్థం కాదు.

మొదట ఆ అధికారం విమాన సంస్థల సంఘానిది. 1945లో హవానాలో ఆ సంఘం, ఐయేటా, పుట్టింది. మరుసటి ఏడు బెర్ముడాలో అమెరికా, బ్రిటన్ చేసుకున్న ఒప్పందంతో, సంఘం సమావేశాల్లో ఛార్జీలు తేల్చడం, ప్రభుత్వాలు ఆమోదించడం పద్ధతైంది. 1948 జూన్ 8న ఎయిరిండియా విమానం ‘మలబార్ ప్రిన్సెస్’ బొంబాయి నుంచి కైరో, జెనీవాల మీదుగా లండన్‌కు బయలుదేరినప్పుడు విమానయానం సంపన్నుల సొత్తే.

అట్లాంటిక్ మీద 1952లో టూరిస్ట్ తరగతి, 1958లో ఎకానమీ వచ్చాయి. ఎకానమీలో శాండ్‌విచ్ మించి పెట్టకూడదని నిబంధన. ఆ శాండ్‌విచ్‌నే విందుభోజనంగా అలంకరించిన స్కాండినేవియన్ సంస్థకు జరిమానా పడింది! సంఘం నియమాలకు లోబడని ఐస్‌లాండ్ సంస్థ లాఫ్ట్‌లైడర్ మాత్రం పాత ప్రొపెల్లర్ విమానాల్లో, రేక్జావిక్ మీదుగా, తక్కువ ధరకు విద్యార్థులను చేరవేసింది. ప్రయాణం ఆలస్యమైనా డబ్బు మిగిలేది.

1970లో బోయింగ్ 747 రాకతో నింపాల్సిన సీట్లు ఒక్కసారిగా పెరిగాయి. మిగిలిన టికెట్లను లండన్‌లోని చిన్న ఏజెన్సీలు సంఘం ధరకన్నా తక్కువకు గుట్టుగా అమ్మేవి. 1977 సెప్టెంబరులో ఫ్రెడ్డీ లేకర్ ‘స్కైట్రెయిన్’ పేరుతో లండన్ నుంచి న్యూయార్క్‌కు 59 పౌండ్లకే టికెట్టు పెట్టాడు. ముందస్తు రిజర్వేషన్ లేదు, భోజనానికి డబ్బు వేరు. పెద్ద సంస్థలూ ధరలు దించాయి. 1982లో లేకర్ దివాలా తీశాడు.

బిజినెస్ క్లాస్ పుట్టింది ఈ గందరగోళంలోనే. పూర్తి ఛార్జీ కట్టిన ఉద్యోగి, సగం ధరకు కొన్న పర్యాటకుడి పక్కన కూర్చోవడానికి గునిశాడు. 1970ల చివర అతనికి వేరే క్యాబిన్ కట్టారు. 2000లో బ్రిటిష్ ఎయిర్‌వేస్ అందులో పూర్తిగా వాలే పడకలు పెట్టాక బిజినెస్, ఎకానమీల మధ్య అంతరం బాగా పెరిగింది. అంతకుముందే, 1990ల ఆరంభంలో, మధ్యస్థంగా ప్రీమియం ఎకానమీ వచ్చింది.

తర్వాత అధికారం కంప్యూటర్ చేతికి వెళ్లింది. 1978లో అమెరికా దేశీయ ఛార్జీలపై నియంత్రణ ఎత్తేసింది. 1985లో అమెరికన్ ఎయిర్‌లైన్స్, ముందుగా కొనాలి, రద్దు చేసుకుంటే నష్టపోవాలి అన్న షరతులతో చౌక టికెట్లు తెచ్చింది. ఏ ధరకు ఎన్ని సీట్లు వదలాలో లెక్క యంత్రం వేసేది. ఒకే క్యాబిన్‌లో ఇన్ని ధరలు ఉండటానికి మూలం అదే.

మన వాళ్ల దారి మార్చింది గల్ఫ్. 1985లో మొదలైన ఎమిరేట్స్, దాని వెనుక ఖతార్, ఎతిహాద్, నలుమూలల ప్రయాణికులను ఒకచోట దించి మళ్లీ ఎక్కించే పద్ధతిని పెంచాయి. 2008లో శంషాబాద్ విమానాశ్రయం తెరిచాక దుబాయి, దోహాల మీదుగా అమెరికా వెళ్లడం తెలుగువారికి మామూలైంది. 2021 జనవరిలో ఎయిరిండియా హైదరాబాద్ నుంచి షికాగోకు నేరుగా విమానం నడిపింది.

ఇప్పుడు వందల ధరలను వెబ్‌సైట్లు క్షణంలో పక్కపక్కన చూపిస్తాయి. అయితే అవి చూపించేది సంస్థలు వదిలిన ధరలనే. లాఫ్ట్‌లైడర్ నాటి బేరమే ఇంకా నడుస్తోంది: సమయమో, సౌకర్యమో, మనసు మార్చుకునే వీలో వదులుకున్నవారికే తగ్గింపు. అందుకే ఆగస్టులో కాలేజీ తెరిచే తేదీకి కట్టుబడిన విద్యార్థికి బేరమాడే శక్తి తక్కువ. పిల్లల దగ్గరికి ఫిబ్రవరిలో వెళ్లినా సరే, మధ్యలో ఆరు గంటలు ఆగినా సరే అనుకునే తల్లిదండ్రులకు ఎక్కువ. బిజినెస్ సీటు కోరేవారికీ సూత్రం ఇదే: నేరు విమానం మీద పట్టు వదిలితేనే ధర దిగుతుంది.